రెండు నిమిషాల యాభై ఐదు సెకన్లు

శనివారం సాయంత్రం 6.50. పుంగనూరులో తన గదిలో మమత స్టీలు టిఫిన్ డబ్బా మూత తీసింది.

లోపల రెండు వస్తువులుండాలి. ఒక ఫ్లాపీ, ఒక కార్ట్రిడ్జ్.

ఉన్నది ఒకటే. పాత సెల్‌ఫోన్ చార్జర్.

మమత అన్నం ముట్టలేదు. 7.20 బస్సెక్కి మదనపల్లెకు తిరిగొచ్చి, ఎస్సై అమరావతి ముందు నిలబడింది.

"ఏం పోయిందమ్మా?"

"నా పాట మేడమ్. నాలుగు నెలలు కూచోని చేసినా."

మమతది పాల కేంద్రం ల్యాబ్‌లో ఉద్యోగం. పిచ్చి మాత్రం వేరే. టీవీకి తగిలించే నలభై ఏళ్ల నాటి కంప్యూటర్ మీద పాటలు కట్టడం. వాయిద్యాలుండవు. అంకెలు కొడితే చిప్ మోగుతుంది. మిషన్‌కు సొంతంగా మూడు గొంతులు. అదనపు సౌండ్ చిప్ ఉన్న కార్ట్రిడ్జ్ గుచ్చితే ఇంకో ఐదు వస్తాయి.

"కాపీ లేదా?"

"లేదు మేడమ్. పోయినేడు నా పాటను కాపీ చేసి ఇంకొకరి పేరుతో వదిలినారు. ఈసారి అందుకే ఒక్కటే పెట్టుకున్యా. సోమవారం సాయంత్రం ఐదుకల్లా ఫ్లాపీ ఇస్తేనే ఇట్లాంటి పాటల పోటీలో నా పేరుంటాది."

జాగ్రత్త ఎక్కువై కొంప మునిగిందన్న మాట. అమరావతి పైకి అనలేదు.

పోటీకి మదనపల్లెలో ఫ్లాపీలు తీసుకునేది యూపీఎస్‌లు రిపేరు చేసే శివశంకర్. శనివారం 3.30కి అతని మేడమీది షాపులో మమత, కుప్పం సిద్ధార్థ తమ పాటలు వినిపించారు. 4.15కి ముగ్గురూ టీకి కిందికి దిగారు. టిఫిన్ డబ్బా ఉన్న మమత బ్యాగు పైనే ఉండిపోయింది. టీ అయ్యేలోపు మగవాళ్లిద్దరూ చెరోసారి పైకి వెళ్లొచ్చారు.

ఆదివారం 9.00. శివశంకర్ షాపు.

"డబ్బాలో ఉన్న ఈ చార్జర్ నీదేనా?"

"నాదే. అయితే ఏమి? షాపంతా చార్జర్లే ఉండాయి. నా నెత్తిన రుద్దాలని ఎవడో పెట్టినాడు."

"నువ్వు పైకి యాల వచ్చినావు?"

"ఫ్యాన్ ఆపేదానికి."

"మీరు ముగ్గురూ స్నేహితులా?"

శివశంకర్ ఎగతాళిగా నవ్వాడు. "ఒకరంటే ఒకరికి పడదు మేడమ్. ఎవరి కంప్యూటర్ వాళ్లే మోసుకొస్తారు. ఒకరి మిషన్ ఇంకొకరు ముట్టుకుంటే కొట్లాటే. నిన్న ఆయమ్మ పాట పెట్టంగానే సిద్ధార్థ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సెల్లు సూస్తా కూచున్యాడు. కావాలనే."

"నువ్వు విన్నావా?"

"వినకుంటే ఎట్లా? టైము రాయల్ల కదా. మూడు నిమిషాలు దాటితే పోటీకి పనికిరాదు."

డ్రాయర్‌లోంచి కాగితం తీశాడు. మమత, 2.55. అమరావతి దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

మధ్యాహ్నం 12.10. కుప్పం. సిద్ధార్థ ఇల్లు. అతను గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ ఆపరేటర్. కూర్చోమని కూడా అనలేదు.

"దాన్ని నేనెత్తుకుపోతానా? నత్త నడక మేడమ్ అది! ఈడ్చుకుంటా పోతాది."

"అంత నిదానమా?"

"మూడు నిమిషాలే హద్దు. ఆమెది మూడున్నర. పోటీవాళ్లే తీసి పారేస్తారు. పారేసేదాన్ని నేను యాల దొంగిలించల్ల? ఆమే దాచిపెట్టి నాటకమాడతాండాది."

"నువ్వు యాడ విన్నావు?"

"షాపులో. అందరి ముందరా."

అమరావతి 2.55 ఉన్న కాగితం తీసి దాని కింద రాసుకుంది. 3.30.

మూలన బల్ల మీద కంప్యూటర్ ఉంది.

"ఇది యాడిదప్పా?"

"ఇంగ్లండుది. బెంగళూరులో కొన్నా. ఆమె జపాన్ డబ్బాతో దీన్ని పోల్చొద్దు."

సోమవారం 3.40. ముగ్గురూ షాపులో ఉన్నారు. సిద్ధార్థ తన ఫ్లాపీ ఇవ్వడానికి వచ్చాడు. మమత తన కంప్యూటర్ తెచ్చి టీవీకి తగిలించింది. కానిస్టేబుల్ గంగప్ప తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇద్దరూ దొంగలే," అంది మమత.

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు సిద్ధార్థ.

"అరవద్దండి," అంది అమరావతి. "శివశంకర్, మమత పాట ఎంతసేపు?"

"రెండు యాభై ఐదు."

"సిద్ధార్థా, నువ్వేమన్నావు?"

"మూడున్నర. ఆయన తప్పు రాసినాడు."

"ఇద్దరిదీ తప్పు కాదు. శివశంకర్, జపాన్ మిషన్‌కూ ఇంగ్లండు మిషన్‌కూ తేడా ఏమి?"

శివశంకర్ మమత మిషన్ వైపు చేయి చూపించాడు. "ఫ్లాపీ, కార్ట్రిడ్జ్ రెండింట్లోనూ పడతాయి. కానీ జపాన్‌ది టీవీ బొమ్మను సెకనుకు అరవైసార్లు గీస్తాది. ఇంగ్లండుది యాభైసార్లే. బొమ్మ గీసినప్పుడల్లా పాట ఒక అడుగు ముందుకు పోతాది. అంటే ఇంగ్లండు దాంట్లో..." అతని చూపు సిద్ధార్థ మీదికి మళ్లింది. "నిదానంగా పోతాది."

"రెండు యాభై ఐదు సరిగ్గా మూడున్నర అవుతాది. నిన్న రాత్రి లెక్క వేసినా," అంది అమరావతి. "ఒకరి మిషన్ ఒకరు ముట్టుకోరు. అందుకే మీకెవరికీ ఈ తేడా తెలీలేదు. సిద్ధార్థా, షాపులో నీ చెవుల్లో ఇయర్‌ఫోన్లుండాయి. ఈ పాట మూడున్నర నిమిషాలు మోగే మిషన్ నీ ఇంట్లోదే. ఫ్లాపీ లేకుండా ఎట్లా విన్నావప్పా?"

సిద్ధార్థ చేయి తన బ్యాగు మీదికి పోయింది.

"గంగప్పా, బ్యాగు చూడు."

టవల్లో చుట్టి ఉన్నాయి. ఫ్లాపీ, కార్ట్రిడ్జ్.

మమత రెండూ లాక్కుంది. "చెరిపేసినావా?"

"చెరపాలనే తీసినా. డబ్బా బరువు తగ్గకుండా చార్జర్ పెట్టినా." సిద్ధార్థ తల ఎత్తలేదు. "ఒకసారి విని చెరుపుదామనుకున్యా. తొమ్మిదిసార్లు విన్నా. చేతులు రాలేదు. ఇంట్లో వదిలి రాను కూడా మనసొప్పలేదు."

"నత్త నడకంటివే!"



గంగప్ప సిద్ధార్థ భుజం మీద చేయి వేశాడు. అమరావతి ఆగమంది.

మమత కార్ట్రిడ్జ్ గుచ్చింది. ఫ్లాపీ పెట్టింది. టీవీ సౌండ్ పూర్తిగా పెంచింది.

"ఇప్పుడు విను. చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా."

ఎనిమిది గొంతులు ఒక్కసారిగా లేచాయి. మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా వేలం ఊపందుకున్నట్టు ఉంది. రేకుల కప్పు అదిరింది. మూడున్నర నిమిషాలు కాదు, నత్త నడకా కాదు. సిద్ధార్థ మెల్లగా తలెత్తాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

రెండు నిమిషాల యాభై ఐదు సెకన్లకు పాట ఆగింది.

"నేను విన్నది ఇది కాదు," అన్నాడు సిద్ధార్థ.

"కాదు. ఇది నేను చేసింది," అంది మమత.

ఫ్లాపీ తీసి శివశంకర్ చేతిలో పెట్టింది. అతను కవరు మీద మమత, పుంగనూరు అని రాసి కింద టైము వేశాడు. 4.09. గంగప్ప సిద్ధార్థను మెట్లు దింపుకుంటూ తీసుకెళ్లాడు.