కుడి సీటు ఖాళీ

రెండువేల డెబ్భై ఒకటి నాటికి పల్నాడులో వేసవి ఫిబ్రవరి మొదటి వారంలోనే వచ్చి కూర్చునేది. మిట్టమధ్యాహ్నం యాభై రెండు డిగ్రీలంటే ఎవరూ నోరు వెళ్ళబెట్టేవారు కాదు. నలభై ఎనిమిది నమోదైన రోజున మాత్రం "ఇవాళ నయం, కాస్త చల్లబడింది" అనుకుంటూ పనులకు బయల్దేరేవారు. లారీలూ పికప్ బండ్లూ రోడ్డు మీద తమంతట తామే నడిచేవి. అయినా డ్రైవర్లు పోలేదు. రోడ్డు దిగి మిరప కళ్ళాల దారి పట్టేసరికి ఎంత తెలివైన బండికైనా మతి పోయేది. ఆ గుంతలూ, ఆ అడ్డదారులూ మనిషికి తప్ప ఇంకొకరికి అర్థం కాలేదు. అందుకని స్టీరింగు ముందు ఒక మనిషిని కూర్చోబెట్టుకునేవారు. రోడ్డెక్కాక అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

సాకేత్ గారికి అరవై ఒకటి నిండాయి. ఆయన పుట్టినప్పుడు అది సరికొత్త పేరు. ఇప్పుడా పేరు వింటే పిల్లలకు ఎవరో పంచెకట్టు పెద్దాయన గుర్తొస్తున్నాడు. దుర్గి చుట్టుపక్కల పొలాల నుంచి నరసరావుపేట కోల్డ్ స్టోరేజీకి మిరప బస్తాలు చేరవేసే పికప్ బండి ఒకటి ఆయనకుంది. సరుకు వెంట తను లేకపోతే ఆయనకు తోచదు. ఆ ఎండలో, ఆ కుదుపుల్లో వెళ్ళివచ్చేసరికి నడుము పట్టేస్తుంది. అందుకే ఆ ఏడు బండికి శీతోష్ణ పీఠాలు పెట్టించుకుందామని పిడుగురాళ్ళలో తన్విత షెడ్డుకు తీసుకెళ్ళాడు.

తన్విత ఉష్ణశాస్త్రం చదువుకున్న ఇంజనీరు. ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. ఆ సీట్లను కనిపెట్టింది ఆమే. క్యాబిన్ మొత్తానికి ఏసీ వేస్తే సగం బ్యాటరీ దానికే సరిపోతుంది కాబట్టి, గదిని వదిలేసి మనిషినే చల్లబరుద్దామన్నది ఆమె ఆలోచన. సీటు తనంతట తానే వెనక్కీ ముందుకీ జరుగుతుంది, నడుముకు తగినట్టు ఒంగుతుంది. తెల్లవారుజామున కీళ్ళు బిగుసుకుంటే వెచ్చబరుస్తుంది, ఎండెక్కితే ఒంట్లోని వేడిని లాగేస్తుంది.

"లాగిన వేడి ఏమైపోద్దమ్మా?" అని అడిగాడు సాకేత్ గారు.

"వేడిని చంపలేం సార్, చోటు మార్చగలం అంతే. మామూలుగా బండి అడుగు నుంచి బయటికి పోతుంది. బయట యాభై దాటితే అటు పోదు. అప్పుడు పక్క సీటు ఖాళీగా ఉంటే, దాని లోపలున్న మైనపు పలకల్లోకి పంపుతుంది. ఖాళీ సీటు వేడెక్కితే ఎవరికీ నష్టం లేదు కదా."

"ఖాళీనో కాదో దానికెట్టా తెలుసుద్ది?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు తన్విత మొహం వెలిగింది. "పైన స్పర్శపొర ఉంది సార్. అది బరువును నమ్మదు. మిరప బస్తా పెట్టినా బరువే కదా! ఒంటి వేడి, చెమట, గుండె చప్పుడు, మూడూ అందితేనే మనిషి అనుకుంటుంది. చొక్కా అడ్డం కాదు. ప్లాస్టిక్కు మాత్రం అడ్డం, మడత పెట్టిన దళసరి గుడ్డ కూడా అడ్డమే. అందుకే ఈ కవర్లు తప్పనిసరిగా తీసెయ్యాలి. రెండూ." అంటూ చింపబోయింది.

"ఉండమ్మా ఉండు," అని ఆపాడు సాకేత్ గారు. "ఇంటికాడ కొబ్బరికాయ కొట్టి తీసుకుంటాం."

కొబ్బరికాయ కొట్టారు. ఎడమ సీటు కవరును ఆయన తన చేత్తోనే చింపేశాడు. స్టీరింగు ముందున్న కుడి సీటు కవరు మీద ప్రభుకిరణ్ చెయ్యి వేశాడు. కిరణ్ ఇరవై ఆరేళ్ళుగా ఆయన దగ్గర డ్రైవరు. వయసులో ఆయనకన్నా మూడేళ్ళే చిన్న.

"దాన్నుండనీరా," అన్నాడు సాకేత్ గారు. "నీ చెమటకి వారంలో నల్లబడుద్ది. పైన తువ్వాలేసుకుని కూర్చో."

"అట్టాగేనండీ."

సాకేత్ గారు దుర్మార్గుడేం కాదు. ఆయన ఇంట్లో ఫ్రిజ్జు పిడికి కూడా గుడ్డ తొడుగు ఉంటుంది. కొన్న ఏ వస్తువైనా కొన్నప్పటిలాగే ఉండాలన్నది ఆయన పట్టుదల. కాకపోతే తన నడుము దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టుదల నిమిషంలో చిరిగి చేతికొచ్చింది, కిరణ్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ గట్టిపడింది. ఆ తేడా ఆ రోజు ఆయనకు తట్టనే లేదు.

సీట్లు మాట్లాడేవి. ఆ ఆడగొంతుకు వాళ్ళిద్దరూ చల్లమ్మ అని పేరు పెట్టుకున్నారు. కొన్న మూడో రోజు మధ్యాహ్నం, కారంపూడి దాటాక, చల్లమ్మ మర్యాదగా పలికింది.

"సాకేత్ గారూ, కుడి సీటు ఖాళీగా ఉంది. మిమ్మల్ని ఇంకాస్త చల్లబరచగలను. కానివ్వమంటారా?"

సాకేత్ గారు విరగబడి నవ్వాడు. "విన్నావంట్రా కిరణా? నువ్వు లేవంట!"

"ఉన్నా లేనట్టేలెండి," అని కిరణ్ కూడా నవ్వాడు.

"కానీవే చల్లమ్మా," అన్నాడు సాకేత్ గారు. వీపు వెంట చల్లదనం పాకింది. ప్రాణం లేచొచ్చింది.

పాత బండికి కొత్త సీట్లు తగిలించారు కాబట్టి బండి మెదడుకూ సీట్ల మెదడుకూ పలకరింపులు లేవు. స్టీరింగు ఎవరు తిప్పుతున్నారో చల్లమ్మకు తెలియదు. తన పొర మీద మనిషి జాడ అందకపోతే ఆ సీటు ఖాళీ, అంతే. ఆ వేసవంతా అదే ప్రశ్న, అదే జవాబు. మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవారు. తర్వాత నవ్వు కూడా అవసరం లేకపోయింది. అడగ్గానే సాకేత్ గారు కళ్ళు తెరవకుండానే "కానీ" అనేవాడు. వేడి గురించి షెడ్డులో తన్విత చెప్పిన ముక్క ఆయన చెవిన పడింది గానీ తలకెక్కలేదు. ఎక్కించుకోవాల్సిన అవసరమూ ఆయనకు కనపడలేదు.

మార్చిలో ఒకసారి కిరణ్ అన్నాడు: "ఏమండీ, సీటు కింద నుంచి సెగ తగుల్తందండీ."

"ఈ ఎండలో సెగ కాక మంచు కురుస్తదా?"

"అంతేలెండి." మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అతను దిగినప్పుడల్లా చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉండేది. బస్తాలు దించి, నీళ్ళు తాగి, తువ్వాలు పిండి ఆరేసుకుని, మళ్ళీ ఎక్కేవాడు.

మే పదకొండున కోల్డ్ స్టోరేజీ గేటు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. రెండు గంటలు ఆగాల్సి వచ్చింది. సాకేత్ గారికి చలేసింది. కండువాను భుజాల నిండా కప్పుకుని కునుకు తీశాడు. మెలకువ వచ్చేసరికి కిరణ్ ఏదో గొణుగుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు. తలుపు తీసుకుని దిగబోయి చక్రం పక్కన కుప్పకూలిపోయాడు.

ఆస్పత్రిలో సంతకం పెట్టించుకుంటూ నర్సు ఆయన చెయ్యి తగిలి ఉలిక్కిపడింది. "ఇద్దరూ ఒకే బండిలో వచ్చారా? మీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయేందండీ?"

సాకేత్ గారు చేతులను కండువాలోకి లాక్కున్నాడు.

సాయంత్రం డాక్టరు బయటికి వచ్చాడు. ప్రాణగండం తప్పిందట. మూత్రపిండాలు మాత్రం దెబ్బతిన్నాయి, ఇక మునుపటిలా ఎండలో పని చెయ్యలేడు. "ఒక్క రోజు వడదెబ్బ కాదిది," అన్నాడు డాక్టరు. "వీపూ తొడలూ కమిలిపోయాయి, పాత మచ్చల మీద కొత్త మచ్చలు. ఈయన రోజూ దేనిమీద కూర్చుంటాడు?"

'వేడిని చంపలేం సార్, చోటు మార్చగలం అంతే.' మూడు నెలల కిందటి మాట ఇప్పుడు సాకేత్ గారి తలకెక్కింది.

మర్నాడు పొద్దున్నే ఆయన చేసిన పని తల్చుకుంటే ఈనాటికీ ఆయనకు తల కొట్టేసినట్టు ఉంటుంది. కిరణ్ సంగతి తెలిసి, సీట్లు పరీక్షించటానికి తన్విత వస్తానని కబురు పెట్టింది. ఆమె రాకముందే బండి దగ్గరికి వెళ్ళి, కుడి సీటు కవరును చింపి, ఖాళీ మిరప గోతంలో కుక్కి, గోతాన్ని పశువుల కొట్టం వెనక పడేశాడు. తర్వాత, ఎందుకో తెలియదు, ఆ సీటులో కూర్చున్నాడు.

"స్వాగతం," అంది చల్లమ్మ. "ఈ సీటులో కూర్చున్న మొదటి మనిషి మీరే. గొంతు వినిపిస్తే పేరు రాసుకుంటాను."

"నేనేనే."

"సాకేత్ గారూ, గుర్తుపట్టాను."

"నిన్ను బిగించి ఎన్నాళ్ళయింది?"

"తొంభై నాలుగు రోజులు."

"ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరూ కూర్చోలేదా?"

"లేదండీ. ఖాళీగా ఉండబట్టే ఇక్కడికి వేడి పంపాను. మీరు కానీ అన్న ప్రతిసారీ."

"ఎన్నిసార్లన్నాను?"

"రెండు వందల పదకొండు సార్లు."

చల్లమ్మ గొంతులో నిష్ఠూరం లేదు, ఉండటానికి అది మనిషి కాదు. సాకేత్ గారికి చెవులు వేడెక్కాయి. అక్కడే ఆ సీటులోనే సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది.

తన్విత వచ్చేసరికి ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. ముందు ఆస్పత్రికి వెళ్ళి వచ్చిందట. "కిరణ్ గారిని అడిగాను సార్. కవరు మొదటి రోజే తీసేశామనీ, మీరే దగ్గరుండి తీయించారనీ చెప్పారు. అంటే తప్పు నా పొరదే." బండి మెట్టు మీద కూలబడింది. "రాత్రంతా అన్ని బండ్ల రికార్డులూ చూశాను. ముప్పై ఎనిమిది బండ్లకు నా సీట్లున్నాయి. ముప్పై మూడింటిలో కుడి సీటు పొర పుట్టినప్పటి నుంచీ మనిషినే చూడలేదు. ఎడమ పొరలు ఒక్కటీ చెడిపోలేదు. ఒకే చోట చేసిన పొరలు, కుడివైపే ఎందుకు చచ్చిపోతాయి? ఓనర్లను అడిగాను, కవర్లు తీశామన్నారు. డ్రైవర్లను అడిగాను, వాళ్ళూ అదే మాట. నా బుర్ర పనిచెయ్యటం లేదు. వచ్చే వారం అందరికీ కుడి సీట్లు మార్చి కొత్తవి వేస్తాను."

కొత్త సీట్లు. వాటికి కొత్త కవర్లు. సాకేత్ గారికి ముప్పై ముగ్గురు డ్రైవర్లు కళ్ళ ముందు కనిపించారు. తను నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది, ఆ పాపం ఈ పిల్ల మోస్తుంది, వాళ్ళంతా ఉడుకుతూనే ఉంటారు. అన్నిటికన్నా కిరణ్ అబద్ధం ఆయన్ను ఎక్కువ కాల్చింది. మంచాన పడి కూడా వాడు తన పరువు కాపాడుతున్నాడు! అలా కాపాడటం వాడికి ఎంత అలవాటై ఉంటే, ఎవరూ చెప్పమనకుండానే ఆ మాట నోటికొచ్చి ఉంటుంది?

ఆయన లేచి కొట్టం వెనక్కి వెళ్ళి గోతం తెచ్చి ఆమె ముందు కుమ్మరించాడు. పసుపుబారిన ప్లాస్టిక్కు మీద కిరణ్ కూర్చున్న ఆకారం అచ్చుపడి ఉంది, భుజాల దగ్గర్నుంచి తొడల దాకా.

"మేం తియ్యలేదమ్మా. నాది నేను తీసుకున్నా, వాడిది తియ్యనియ్యలా. ఇయ్యాల పొద్దున నీకు కనపడకుండా దాచింది కూడా నేనే. మిగతావోళ్ళదీ ఇదే కత. పోయి సీట్లు చూడు, మనుషుల్ని అడగమాక."

తన్విత తిడుతుందేమోనని చూశాడు. తిడితే కాస్త తేలిక పడేవాడు. ఆమె ఆ ప్లాస్టిక్కును ఒళ్ళో పరుచుకుని, అచ్చుపడిన ఆకారం అంచు వెంట వేలు పోనిచ్చింది.

"ఈ పొర మీద రెండేళ్ళు పనిచేశాను సార్," అంది. "బస్తాను చూసి మనిషి అనుకోకూడదని అంత కష్టపడ్డాను. మనిషిని బస్తా చేసి కూర్చోబెడతారని ఒక్క రోజు కూడా అనుకోలేదు."

పన్నెండు రోజుల తర్వాత కిరణ్‌ను ఆస్పత్రి నుంచి పంపించారు. తీసుకురావటానికి సాకేత్ గారే బండిలో వెళ్ళాడు. స్టీరింగు ముందు తను కూర్చుని, ఎడమ తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"అటెందుకండీ, అది మీ సీటు కదా," అన్నాడు కిరణ్. సగానికి సగం తగ్గిపోయాడు, చొక్కా వేలాడుతోంది.

"ఎక్కరా. ఎక్కు."

కిరణ్ భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, సీటు మీద జాగ్రత్తగా పరిచి, వీపు ఆనించకుండా దాని మీద కూర్చున్నాడు. బండి కదిలింది. ఊరు దాటేసరికి ఎండ యాభై దాటింది.

"సాకేత్ గారూ, ఎడమ సీటు ఖాళీగా ఉంది," అంది చల్లమ్మ. "మిమ్మల్ని ఇంకాస్త చల్లబరచగలను. కానివ్వమంటారా?"

"ఇటొచ్చినా నేను లేనంటండీ!" అని కిరణ్ నవ్వాడు.

సాకేత్ గారికి నవ్వు రాలేదు. "వద్దు," అని గట్టిగా అరిచి బండిని పక్కకు ఆపాడు. "ఆ తువ్వాలు తియ్యి."

"పర్లేదండీ, ఆస్పత్రి ఒళ్ళు, సీటు పాడైపోద్ది."

"తియ్యమంటన్నా గందా!"

కిరణ్ బెదిరిపోయాడు. గబగబా తువ్వాలు లాగేసి ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసినవాడిలా సీటు అంచున ముడుచుకున్నాడు. సాకేత్ గారు చెయ్యి చాపి, అతని భుజం పట్టుకుని మెల్లగా వెనక్కి ఆనించాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన అతన్ని ముట్టుకోవటం, కుప్పకూలిన రోజును వదిలేస్తే, అదే మొదటిసారి.

సీటు అతని నడుముకు తగినట్టు ఒంగింది. క్షణం ఆగి చల్లమ్మ పలికింది.

"స్వాగతం. మీ పేరేమిటండీ?"

కిరణ్ చెప్పొచ్చా అన్నట్టు సాకేత్ గారి మొహంలోకి చూశాడు.