రాజమల్లు గొంతు మాయం

అట్టపెట్టె మూత తెరిచిన నవ్య కెవ్వున అరిచింది. లోపల ఉండాల్సింది టేప్‌రికార్డర్. ఉన్నవి మాత్రం పాత పేపర్లో చుట్టిన ఇటుకలు.

సిరిసిల్ల ఫంక్షన్ హాల్లో పాత రేడియోల మేళాకు వచ్చినవాళ్లంతా ఆ కేకకు తిరిగి చూశారు. కోరుట్ల నుంచి సైకిళ్ల మీద వచ్చిన బృందం తడి బట్టలతోనే ఆమె చుట్టూ మూగింది. వాళ్లలో కళావతి కూడా ఉంది, ఆమె సహాయకుడు శ్రీశైలం కూడా ఉన్నాడు.

జగిత్యాల బస్టాండు ఎదురుగా ఉన్న ఒక చిన్న గదిలో కళావతి డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. గల్ఫ్ వీసాలు ఇప్పిస్తామని పల్లెల్ని ముంచి పారిపోయిన ఏజెంట్లను వెతికి పట్టుకోవడం ఆమెకు రోజువారీ పని. అలా మోసపోయినవాళ్లలో శ్రీశైలం ఒకడు. తనను ముంచినవాణ్ణి ఆమె ముంబైలో ఒక ఇరుకు సందులోంచి బయటికి లాగిన రోజే ఈమె దగ్గరే పని చేయాలని అతను నిశ్చయించుకున్నాడు. ఇన్నేళ్లయినా ఆ అబ్బురం అతనికి తగ్గలేదు. పాత రేడియోలంటే సరదా, సైకిలంటే ప్రాణం కాబట్టి దసరా వెళ్లిన మరుసటి ఆదివారం ఆమె ఈ యాత్రకు బయల్దేరింది. వెంట అతనూ వచ్చాడు.

నవ్య కళావతి చేతులు పట్టుకుంది. "అక్కా, అది మా బాపు దుబాయి నుంచి పంపిన సెట్టు. అండ్ల క్యాసెట్ల ఆయన గొంతుంది. ఆయన ఆడనే సచ్చిపోయిండు. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస అచ్చిందంటే మా అవ్వ గా క్యాసెట్ పెట్టుకొని ఇంటది. ఇప్పుడు నేను ఏ మొఖం పెట్టుకొని ఇంటికి పోవాలె?"

నవ్య వాళ్లది కొడిమ్యాల దగ్గర పల్లె. తండ్రి రాజమల్లు తాటిచెట్లెక్కి కల్లు గీసే పని మానేసి ఎడారి దేశం పోయినవాడు. నవ్య కోరుట్లలో బడి పంతులమ్మ.

మేళా పెద్ద ముత్యం సేటు ముందుకొచ్చాడు. కోరుట్లలో బట్టల దుకాణం ఆయనది. రేడియోలు పోగుచేయడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడని పేరు. యాత్రకు ముందురోజు సాయంత్రం అందరి సెట్లనూ తన ఇంట్లో పెట్టించి, అందరి ఎదుటే అట్టపెట్టెల్లో సర్దించి, మూతలకు టేపు అతికించింది ఆయనే. తాను మాత్రం తన సెట్లతో కారులో వచ్చాడు.

"చూడుండ్రి, నవ్య తెరవకముందే మూత టేపు చినిగున్నది," అన్నాడు పెట్టె చూపిస్తూ. "నా ఇంట్ల అతికించినప్పుడు మంచిగనే ఉండె. తొవ్వలనే ఎవడో చించిండు. రుద్రంగి కాడ నవ్య సైకిల్ పంక్చర్ అయిందట గదా, అప్పుడు దాని కాడ ఒక్కడే ఉన్నది ఎవడు?"

అందరి చూపులూ రంజిత్ మీదికి తిరిగాయి. రంజిత్‌ది సిరిసిల్లే. ఆ ఏడాది మగ్గాలు ఆగిపోయాక కోరుట్లలో సైకిల్ షాపులో చేరాడు, యాత్రలో రిపేర్ల కోసం వెంట వచ్చాడు. వచ్చే నెల దుబాయి ప్రయాణం. వీసా చేతికొచ్చింది.

"నేను ట్యూబుకు ప్యాచ్ ఏసిన గంతే," అన్నాడతను. "వాళ్లు హోటల్ల చాయ్ తాగుతున్నరు. పెట్టె ముట్టలే."

"పోలీసులకు చెప్తే ముట్టినవో లేదో ఆళ్లే తేలుస్తరు," అన్నాడు ముత్యం.

రంజిత్ ముఖంలో రక్తం ఇంకిపోయింది. "సేటూ, కేసయితే నన్ను పోనియ్యరు. ఇంట్ల మగ్గం లేదు, పని లేదు. మా నాయిన ఏం తిని బతుకుతడు?"

శ్రీశైలానికి జాలేసింది. కానీ ఎంత ఆలోచించినా రుద్రంగి దగ్గరే ఆలోచన ఆగిపోతోంది. దారిలో ఆ పెట్టె దగ్గర ఒంటరిగా ఉన్నవాడు రంజిత్ ఒక్కడే. అతను కళావతి వైపు చూశాడు. ఆమె మాత్రం రంజిత్‌ను చూడడం లేదు. పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పుతోంది.

"పోలీసుల కంటే ముందు నేను నాలుగు మాటలు అడుగుత," అంది తల ఎత్తకుండానే. "నవ్యా, పొద్దుగాల పెట్టెను సైకిల్‌కు కట్టింది ఎవరు?"

"నేనే అక్కా. సేటు ఇంటి ముంగటనే, మీరంత సూస్తుండంగ. క్యారియర్ మీద పెట్టి సైకిల్ ట్యూబులతోని కట్టిన."

"ఇక్కడ విప్పిందెవరు?"

"నేనే. అప్పుడు సేటు అచ్చి, మీరు తల తుడుచుకోండ్రి, పెట్టె నేను లోపలికి తీస్కపోత అన్నడు."

"తొవ్వల వాన ఎక్కడ మొదలైంది, శ్రీశైలం?"

"కోరుట్ల దాటంగనే అక్కా. ఎక్కడా ఆగకముందే. ఇక్కడికచ్చేదాక వదలనే లేదు."

కళావతి తల ఊపి లేచి, హాల్లో బల్లల మధ్య తిరిగింది. చెక్క రేడియోలు, తోలు సంచుల ట్రాన్సిస్టర్లు, రికార్డు ప్లేయర్లు. ముత్యం బల్ల దగ్గర ఆగింది. సగం బల్ల ఖాళీగా ఉంది.

"మీవి ఇంకా రాలేదా సేటూ?"

"కార్ల ఉన్నయి. తేమకు బయటికి తియ్యలే."

"నేను ఇద్దరు మనుషులను పంపుత, తెప్పిద్దామా?"

"అద్దు, అద్దు. నేనే తెస్త," అంటూ ఆయన కారు తాళాన్ని గుప్పిట్లో బిగించాడు.

శ్రీశైలం ఆ గుప్పిటను చూశాడు గానీ, దాని అర్థం అప్పటికి అతనికి అందలేదు.

కళావతి అందర్నీ బల్ల చుట్టూ పిలిచింది. రంజిత్‌ను తన పక్కనే నిలబెట్టుకుని, ఖాళీ పెట్టెను పైకెత్తి చూపించింది.

"ఈ అట్ట వానకు తడిసి నల్లబడ్డది. కని మూత మీద రెండు తెల్ల చారలు చూడుండ్రి. ట్యూబు బిగిసిన చోటికి నీళ్లు పోలే. అందుకే అక్కడ అట్ట పొడిగ మిగిలింది. ఇప్పుడు రుద్రంగి సంగతి. అక్కడ గూడ వాన పడుతనే ఉండె. రంజిత్ పెట్టె తెరవాలంటే ముందు ట్యూబు విప్పాలె. విప్పితే ఈ పొడి చారలు తడుస్తయి. మళ్లీ కడితే పక్కన ఇంకో గీత పడుతది. చారలు రెండే ఉన్నయి, చెదరలే. అంటే వాన మొదలైనంక ఇక్కడికచ్చేదాక ట్యూబును ఎవ్వరూ విప్పలే."

రంజిత్ ఊపిరి పీల్చిన చప్పుడు శ్రీశైలానికి వినిపించింది.

"అయితే ఇక్కడికచ్చినంకనే మార్చిండ్రేమో?" అని గుంపులో ఎవరో అన్నారు.

"నేనూ గదే అనుకున్న. అందుకే అడుగు చూసిన." కళావతి పెట్టెను వంచింది. ఇటుకలకు చుట్టిన పేపరు నానిపోయి అడుగు అట్టకు అతుక్కుపోయి ఉంది. లాగితే చిరుగుతోంది. "చక్రాల నీళ్లు కింది నుంచి ఎక్కినయి. పేపరూ అట్టా కలిసి నానితేనే గిట్ల అతుక్కుంటది. అంటే వాన పడేటప్పటికే ఇటుకలు లోపల ఉన్నయి. నవ్య సైకిల్‌కు కట్టింది ఇటుకలనే, పాపం తెల్వక."

హాల్లో గుసగుసలు లేచాయి.

"నిన్న సాయంత్రం సెట్టు లోపల పెట్టడం మనమందరం చూసినం. పొద్దుగాలకు ఇటుకలైనయి. మధ్యల ఆ పెట్టె ఎవరి ఇంట్ల ఉన్నది? తొవ్వ పొడుగునా ఎవ్వరూ తెరవని పెట్టెకు టేపు చినిగిందంటే ఇక్కడనే చినగాలె. ఇక్కడ దాన్ని ఒంటరిగ లోపలికి తెచ్చిందెవరు?" ఆమె గొంతు పెంచలేదు. "రెండింటికీ ఒక్కటే పేరు, ముత్యం సేటూ."

"నా దగ్గర వంద సెట్లున్నయి! గదొక్కటి నాకెందుకు?"

"మీకు కాదు. ఎవరికో ఇచ్చి మారకం తీసుకోనీకి. అందుకే ఇంట్ల దాచక కార్ల తెచ్చిండ్రు. లేకుంటే మేళా పెద్దమనిషి బల్ల సగం ఖాళీగ ఎందుకుంటది? తాళం ఇటియ్యుండ్రి."

ముత్యం గుప్పిట విప్పలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సేకర్త అప్పుడు ముందుకొచ్చాడు. తన చెక్క రేడియోకు బదులుగా దుబాయి టేప్‌రికార్డర్ ఇస్తానని సేటు తనకు ఫోన్లో మాటిచ్చాడని, అది సొంతదే అనుకున్నానని చెప్పాడు. ముత్యం తాళాన్ని బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇయ్యమని ఎన్నిసార్లో అడిగిన," అన్నాడు నేల చూస్తూ. "ఈ బిడ్డ ఇయ్యలే. గా చెక్క రేడియో కోసం ముప్పై ఏండ్లు తిరిగిన. క్యాసెట్ సంగతి నాకు తెల్వది."

"రంజిత్ సంగతి తెలుసు గదా," అంది కళావతి. "పిల్లగాని బతుకు ఆగిపోతదని తెలిసే ఏలు చూపిండ్రు."



శ్రీశైలం కారు డిక్కీలోంచి సెట్టును తెచ్చాడు. చుట్టిన దుప్పటి విప్పగానే నవ్య ముందు క్యాసెట్ తలుపు తెరిచి చూసింది. క్యాసెట్ అందులోనే ఉంది. ఆమె దాన్ని గుండెకు హత్తుకుని గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఒకసారి వినిపించమని ఎవరో అడిగితే తల అడ్డంగా ఊపింది. "అది మా అవ్వది," అంది.

పోలీసుల మాట మళ్లీ వచ్చింది. నవ్య కళావతి ముఖం చూసింది. "నీ సెట్టు, నీ ఇష్టం. కని ఒకటుంది," అంది కళావతి. "సేటూ, రంజిత్‌ను ఎంతమంది ముంగట దొంగన్నరో అంతమంది ముంగట కాదనుండ్రి."

ముత్యం లేచాడు. జరిగిందంతా తన పనేనని, రంజిత్ తప్పు ఏమీ లేదని అందరికీ వినపడేలా చెప్పి చేతులు జోడించాడు. ఇక మేళా పెద్దగా ఉండనన్నాడు. కేసు పెట్టొద్దని నవ్య అంది. కానీ ఇంకెప్పుడూ ఆయన గడప తొక్కనని కూడా చెప్పింది.

మధ్యాహ్నానికి వాన వెలిసింది. తిరుగు ప్రయాణానికి సైకిళ్లు బయటికి తీస్తుంటే శ్రీశైలం ఉండబట్టలేకపోయాడు.

"అక్కా, గా పెట్టె నేనూ చూసిన. నాకెందుకు కనవడలే?"

కళావతి నవ్వింది. "నువ్వు రంజిత్ మొఖం చూసుకుంట నిలవడ్డవ్. భయపడ్డోని మొఖం దొంగ మొఖం లెక్కనే ఉంటది. అందుకే నేను మొఖాలు తర్వాత చూస్త."

అవతల రంజిత్ ఎవరితోనూ మాట్లాడకుండా తన సైకిల్ గాలి చూసుకుంటున్నాడు. నవ్య అతని దగ్గరికి నడిచింది.

"తమ్మీ, నా క్యారియర్ లూజైంది. కోరుట్ల దాక సెట్టు నీ సైకిల్ మీద తెస్తవా?"

రంజిత్ చేతులు ప్యాంటుకు తుడుచుకుని టేప్‌రికార్డర్‌ను రెండు చేతులా అందుకున్నాడు. నవ్య వెనక్కి తిరిగి చూడకుండా సైకిలెక్కి వేములవాడ రోడ్డు పట్టింది.