మంచె కాళ్ళకు కట్టిన తాడు

ఐగెరిమ్ స్టేజి మీద వెల్లకిలా పడి ఉంది. మెడ విరిగింది. తలమీది ఖాను కూతురి కిరీటం మాత్రం చెక్కుచెదరలేదు.

ఉదయం పదకొండు. కిర్గిజ్ దేశంలో ఇసిక్-కుల్ సరస్సు ఒడ్డున ఒక పట్టణపు నాటకశాల. కోట బురుజు కోసం కట్టిన పదమూడడుగుల మంచె ఎక్కి ఆమె రెండు మాటలు పలికిందో లేదో, అది పక్కకు ఒరిగి కూలిపోయింది.

ఇన్‌స్పెక్టర్ తొల్కున్ ముందు శవాన్ని చూసింది. తర్వాత కర్రల్ని చూసింది. మంచె ఊగకుండా కాళ్ళను మూల నుంచి మూలకు బిగించే బద్ద ఒకటి లేదు. అది వర్క్‌షాప్‌లో, వడ్రంగి సాదిర్ బల్ల మీద దొరికింది.

"బద్ద ఎవరు తీశారు, బాబాయ్?"

"నేనే. నిన్న సాయంత్రం."

"మరి మంచెకు ఎప్పుడూ కట్టే తాడు?"

"కట్టడం మర్చిపోయాను."

నడక నేర్చే బిడ్డ కాళ్ళకు నలుపు తెలుపు ఉన్ని తాడు కట్టి, కత్తితో కోసి, ఇక నడవమని వదలడం ఇక్కడ ఇంటింటా ఉన్నదే. సాదిర్ తన ప్రతి మంచె కాళ్ళకూ అలాగే కట్టేవాడు. పైకెక్కి దూకి, కదలడం లేదని తేలాకే కోసేవాడు. తాడున్న మంచెను ఆ నాటకశాలలో ఎవరూ ఎక్కరు.

డైరెక్టర్ మార్లెన్ మాట కూడా అదే. పొద్దున కాళ్ళకు తాడు లేదని, అందుకే పిల్లను ఎక్కమన్నానని, తన తప్పేమీ లేదని మూడుసార్లు చెప్పాడు. చనిపోయిన పిల్ల పేరు ఒక్కసారీ ఎత్తలేదు. తొల్కున్‌కు ఒళ్ళు మండింది.

ఐగెరిమ్ తల్లి జుమకాన్ అక్కడే దుస్తులు కుడుతుంది. సాదిర్ కాలరు పట్టుకుని, నిన్ను జైల్లో కుళ్ళబెట్టిస్తానంది. ఎల్లుండి ఐగెరిమ్ కొడుక్కి తాడు కోసే విందు. నాటకశాల మొత్తాన్నీ పిలిచింది. నూనెలో వేయించే బోర్సోక్ రొట్టెల కోసం కలిపిన పిండి ఇంట్లో పొంగుతోంది. ఇక వాటిని చావుకే వేయించాలి.

సాదిర్ చేతులు ముందుకు చాపాడు. "తీసుకెళ్ళమ్మా. తప్పు నాదే."

ఇంత తొందరగా ఒప్పుకునేవాణ్ణి తొల్కున్ నమ్మదు. మంచె దగ్గరికి తిరిగి వెళ్ళింది. టార్చి వేసి, విరిగిన కాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గరుకు చెక్కలో ఉన్ని పోగులు చిక్కుకుని ఉన్నాయి. నల్లవి, తెల్లవి. కాలి చుట్టూ వలయంగా.

అంటే తాడు కట్టాడు. సాదిర్ అబద్ధమాడాడు. అదీ తన మెడకు తానే ఉచ్చు బిగించుకునే అబద్ధం.

అందర్నీ స్టేజి మీదికి పిలిచింది.

"స్టేజి అంతా వెతికించాను. తాడు కోసిన ముక్క ఒక్కటీ లేదు. కోసినవాళ్ళకు తాడుతో పనేముంటుంది? ముక్కలు అక్కడే పారేస్తారు. దీన్ని మాత్రం ఎవరో జాగ్రత్తగా విప్పి పట్టుకెళ్ళారు. వాళ్ళకు ఈ తాడు తెగకుండా కావాలి." టార్చి ఆర్పింది. "మీలో తాడు అవసరం ఎవరికుంది?"

సాదిర్ ఆమె దగ్గరగా వచ్చాడు.

"వదిలెయ్యమ్మా," అన్నాడు మెల్లగా. "జైల్లో కూడా వడ్రంగం పని ఉంటుంది. ఆమెకు ఇప్పటికే బిడ్డ పోయింది."

వదిలేయాలనే అనిపించింది తొల్కున్‌కు. కానీ వదిలేస్తే ఏ తప్పూ చేయని ముసలివాడు జైలుకు పోతాడు. ఆ క్షణంలో తన ఉద్యోగమంటే ఆమెకు అసహ్యం వేసింది.

అప్పటికే జుమకాన్ తన కుట్టుబుట్టలో చెయ్యి పెట్టింది. తాడు తీసింది. ఎక్కడా తెగలేదు.

"ఈ మంచె నిలబడ్డాక దీని తాడే నా మనవడికిస్తానన్నావు కదా, సాదిర్. నిన్న నువ్వు పైనుంచి దూకావు. నా కళ్ళారా చూశాను. నిలబడిందనే అనుకున్నాను. మనవడికి నిండు తాడు కావాలి, నువ్వొచ్చి కోసేస్తావని ముందే విప్పుకున్నాను."

"ఊగింది, జుమకాన్." సాదిర్ తలెత్తలేదు. "దూకితే ఊగింది. అందుకే బద్ద తీశాను. కొత్తది చెక్కుతున్నాను. తాడుంది కదా, ఎవరూ ఎక్కరనుకున్నాను."

జుమకాన్ ఏడవలేదు. చేతిలోని తాడునే చూస్తూ ఉండిపోయింది. పొద్దున కూతురు మంచె కాళ్ళ వైపు చూసి, తాడు లేదని నవ్వుతూ ఎక్కడం ఆమెకు గుర్తొచ్చింది. అప్పుడు తనే కింద నిలబడి పావడా అంచు సర్ది, ఎక్కమ్మా అంది.

"దీన్ని వాడి కాళ్ళకు కట్టనా?" అని అడిగింది. "కట్టకపోతే వాడు నడిచేదెట్లా? కడితే కోసేదెవరు?"

తొల్కున్ కవరు తెరిచి పట్టుకుంది. తాడు అందులో వేసి, అంటించి, సంతకం చేసింది.

"కోయడానికి వీల్లేదక్కా," అంది. "ఇది సాక్ష్యం."