లైను ఖాళీ

ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ నడుమ, పాసింజరు బండి తప్ప మరేదీ ఆగని చిన్న స్టేషను కొంగలమెట్ట. ఉత్తరాన స్టేషను గది, ఎర్రకంకర పరిచిన ప్లాట్‌ఫారం, దాని వెనక స్టేషన్ మాస్టరుండే పెంకుటిల్లు. దక్షిణాన రెండు లైన్లు దాటితే జమ్ము దుబ్బులు, వాటి మధ్య సన్నటి బాట, ఆ బాట చివర కొల్లేరు. వానాకాలంలో సరస్సు నీళ్ళు రైలుకట్టని ఆనుకుని నిలిచేవి. చలికాలం నీళ్ళు వెనక్కి పోయేవి గాని, వాటి బదులు మంచు వచ్చేది.

హిదాయతుల్లా అక్కడికి మాస్టరుగా వచ్చింది 1936 చలికాలంలో. ఏలూరులో పుట్టి పెరిగినవాడు, నెమ్మదస్తుడు. మూటలు మోసేవాణ్ణి కూడా "ఏవండీ" అనే పిలిచేవాడు. భార్య కమరున్నీసాకి అప్పుడు అయిదో నెల. నలుగురి మధ్య పెరిగిన పిల్ల, ఆ ఒంటరి ఇంట్లో మొదట్లో బిక్కుబిక్కుమంటూ గడిపింది. చేపల పెద్దింటమ్మ రోజూ పెరటి గుమ్మం దగ్గర కాసేపు కూర్చుని కబుర్లు చెప్పడం మొదలెట్టాక కాస్త కుదుటపడింది. గోషా మనిషి కాబట్టి ప్లాట్‌ఫారం మీదికి మాత్రం ఎన్నడూ వచ్చేది కాదు.

పెద్దింటమ్మ కొల్లేటి లంకల ఆడవాళ్ళకి పెద్దదిక్కు. వాళ్ళంతా తెల్లవారుజామునే దోనెల మీద వచ్చి, చేపల గంపలు నెత్తికెత్తుకుని, బాట వెంట నడిచి, లైన్లు దాటి, పాసింజరెక్కి ఏలూరు పోయేవారు. దాటడానికి వంతెన లేదు. కావాలని పాత మాస్టరు అర్జీ పెట్టుకుంటే, ఇంత కొద్దిమందికి వంతెన దండగని పైనుంచి జవాబు వచ్చిందట. అందుకని పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం అంచున నిలబడి దీపం ఊపుతూ కేకేస్తేనే లైను దాటడం అక్కడి వాడుక.

కిందటి యేడు దాకా ఆ కేక పాయింట్స్‌మన్ అహరోనుది. "రండమ్మా... లైను ఖాళీ!" అని అతను అరిస్తే లంకల్లో పడుకున్న కుక్కలు లేచేవట. ఓ మంచు పొద్దున, ఒక ముసలమ్మ గంప తనే అందుకుని దాటిస్తుండగా గూడ్సు బండి వచ్చింది. ముసలమ్మని అవతలికి తోశాడు. తను తప్పుకోలేకపోయాడు. ఇప్పుడు ఆ పని కొండయ్యది. దగ్గు మనిషి, గొంతు పెగలదు.

పుష్యమాసం వచ్చింది. ఒక పొద్దున గది గుమ్మంలోంచి చూస్తే ప్లాట్‌ఫారం అంచు కనబడలేదు. అంత మంచులో డ్రైవరుకి సిగ్నలు దీపం ఆనదు. అందుకని కొండయ్య దూరాన సిగ్నలు స్తంభం దగ్గర పట్టాలకి టపాకాయలు బిగించి అక్కడే కాపుండాలి. ఇంజను చక్రం వాటి మీదికెక్కితే పెద్ద చప్పుడుతో పేలి, సిగ్నలు వచ్చిందని డ్రైవరుని హెచ్చరిస్తాయి. కొండయ్య అటు వెళ్ళాడు. ఆడవాళ్ళని దాటించడానికి హిదాయతుల్లా లాంతరు పుచ్చుకుని బయటికి వచ్చాడు. కేకేయడానికి నోరు తెరిచాడు.

"రండమ్మా... లైను ఖాళీ!"

ఆ కేక అతనిది కాదు. ఎదురుగా, రెండు లైన్ల నడిమి నుంచి వచ్చింది. నిండైన మగగొంతు. వెంటనే గాజుల చప్పుడు, కంకర మీద అడుగుల చప్పుడు. మంచులోంచి ఒక్కొక్కరే ఆడవాళ్ళు బయటపడి, గంపలు దించుకుని, చెంగులతో మొహాలు తుడుచుకున్నారు.

"మిమ్మల్ని ఎవరు పిలిచారమ్మా?" అన్నాడు హిదాయతుల్లా.

"అహరోనండి," అంది పెద్దింటమ్మ, అదేదో రోజూ ఉండే సంగతిలాగే. "మంచు పడితే ఆయనే పిలుస్తాడండి. పోయినా మమ్మల్ని కనిపెట్టుకునే ఉన్నాడు. ఒక్కనాడూ తప్పు పిలవలేదు బాబుగారూ."

హిదాయతుల్లా లాంతరు ఎత్తి లైన్ల వైపు చూశాడు, మంచు తప్ప ఏమీ కనబడలేదు. అయినా భయాన్ని మించి అతన్ని మరో ఆలోచన పట్టుకుంది. ఎవరిదో తెలియని గొంతుని నమ్మి ఇంతమంది పట్టాల మీదికి దిగుతున్నారు. ఇన్నాళ్ళూ తప్పు పిలవలేదు సరే, రేపు పిలిస్తే?

ఆ పూటే గట్టిగా చెప్పేశాడు. "ఇకనుంచీ కేక విని ఎవరూ దాటకూడదమ్మా. కొండయ్య గొంతయినా సరే, నా గొంతయినా సరే. నేనే దీపంతో అవతలికి వస్తాను. నా మొహం చూశాకే నా వెనక నడవండి."

ఆడవాళ్ళు తలలూపారు. పెద్దింటమ్మ మాత్రం లైన్ల వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "ఆయనకి కష్టంగా ఉంటుందేమోనండి. చేసేపని లాగేసుకుంటే ఎవరికైనా..."



చెప్పినట్టే హిదాయతుల్లా రోజూ అవతలికి వెళ్ళి, అందరినీ వెంటబెట్టుకుని దాటించేవాడు. మంచు లేని రోజుల్లో ఏ కేకా లేదు. మంచు పడితే ఉంది. అతను దాటిస్తుంటే పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, "రండమ్మా..." అని మొదలయ్యేది. ఎవరూ పలికేవారు కాదు. మళ్ళీ పిలిచేది. బతిమాలుతున్నట్టు ఒకసారి. పళ్ళు బిగించి అన్నట్టు మరోసారి. రానురాను ఆ గొంతులో అహరోను తగ్గిపోతున్నాడని పెద్దింటమ్మ చెప్పింది. "ఇదివరకు ఆయనేనండి. ఇప్పుడు ఆయనలాగా ఉంది, అంతే."

ఓ సాయంత్రం భోజనాల దగ్గర కమరున్నీసా అడిగింది. "ఇవాళ పొద్దున ఇంటి వెనక ఎవరితో మాట్లాడారు? నా పేరు అన్నిసార్లు పలికారెందుకు?"

"నేనా?"

"మీరే. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. చిన్నపిల్లలు పాఠం వల్లించినట్టు." నవ్వింది. "పిలుస్తున్నారేమోనని లేచాను. పలికితే ఆపేశారు."

ఆ పొద్దున అతను గది వదిలి ఇంటి వెనక్కి వెళ్ళనేలేదు. ఆ సంగతి ఆమెతో అనలేదు. కడుపుతో ఉన్న మనిషి, భయపడుతుంది అనుకున్నాడు. "నేను ఎదురుగా కనబడితే తప్ప ఎవరు పిలిచినా బయటికి రాకు," అని మాత్రం అన్నాడు. ఏలూరులో పుట్టింటికి పంపేద్దామని ఆమె అన్నకి కబురు కూడా పెట్టాడు. ఆదివారం వచ్చి తీసుకెళతానని అన్న చెప్పిపంపాడు.

శుక్రవారం నాడు పడ్డ మంచు అలాంటిలాంటిది కాదు. లాంతరు పైకెత్తితే వెలుగు అతని మణికట్టు దాకానే ఆగిపోయింది. నీచు, కుళ్ళిన జమ్ము, బొగ్గుపొగ కలిసిన వాసన నాలిక మీద పేరుకుంది. ఇంకా తెల్లారలేదు. కొండయ్య టపాకాయలు తీసుకుని సిగ్నలు దగ్గరికి పోయాడు. ఎప్పుడూ ఆడవాళ్ళు రాకముందే దాటిపోయే మద్రాసు మెయిలు ఆ రోజు ఆలస్యంగా నడుస్తోంది. పక్క స్టేషను నుంచి బండి వదిలామని గదిలో గంట మోగింది. హిదాయతుల్లా జవాబు గంట కొట్టి, బయటికి వచ్చాడు.

మెయిలు కొంగలమెట్టలో ఆగదు. అది పోయాకే అవతలికి వెళదామని ప్లాట్‌ఫారం అంచున నిలబడ్డాడు. అవతల ఆడవాళ్ళ గుసగుసలు వినిపిస్తున్నాయి.

"రండమ్మా... లైను ఖాళీ!"

ఎవరూ కదల్లేదు. హిదాయతుల్లా ఊపిరి పీల్చుకున్నాడు.

ఎక్కడో నీటికోడి ఒకటి అరిచి ఆగిపోయింది.

"ఏవమ్మా, నేనేనండీ. మాస్టరుని."

అతని గొంతు. అతని నెమ్మది. అతను అండీ అనేటప్పటి సాగతీత కూడా.

"లాంతరు ఆరిపోయిందండీ. నేను లైను మధ్యలోనే ఉన్నాను. ఏమీ లేదు, వచ్చెయ్యండి."

 తన గొంతు తన నోట్లోంచి కాకుండా వినడం... హిదాయతుల్లాకి లోపల్నుంచి ఏదో ఊడి బయట పడ్డట్టయింది.

"రావద్దు!" అని అరిచాడు. "రావద్దమ్మా! మెయిలు వస్తోంది!"

"రావద్దు!" అని నవ్వుతూ అంది మంచు లోపలి గొంతు. "విన్నారా, నాలాగే అరుస్తోందండీ అది. దాన్ని నమ్మకండి. రండి."

అవతల కంకర కదిలింది. "ఏది మీరండీ?" అని పెద్దింటమ్మ ఏడుపు గొంతుతో అంటోంది. "బాబుగారూ... ఏది మీరు?"

దూరాన ఢాం... ఢాం... టపాకాయలు పేలాయి. మెయిలు సిగ్నలు దాటేసింది.

ఇక హిదాయతుల్లా ఆలోచించలేదు. ప్లాట్‌ఫారం మీంచి దూకాడు. పట్టా తగిలి మోకాలు పగిలింది. లేచి పరుగెత్తాడు. రెండు లైన్ల మధ్య చల్లటిదేదో, తడి గుడ్డ లాంటిది, అతని భుజాన్ని రాసుకుని ప్లాట్‌ఫారం వైపు పోయింది. ఆగలేదు. అవతలి లైను మీద అడుగుపెట్టిన ఆడవాళ్ళకి అడ్డంగా చేతులు చాచి, ఒంటితో వెనక్కి నెట్టాడు. గంపలు పడ్డాయి. చేపలు కాళ్ళ కింద జారాయి. పెద్దింటమ్మ రెండు చేతులతో అతని మొహం తడిమింది.

"మీరే," అంది. "వెచ్చగా ఉన్నారు. మీరే."

అందరూ ఉన్నారు. ఒకరినొకరు పట్టుకుని కట్ట దిగువన ముద్దగా నిలబడ్డారు. పట్టాలు సన్నగా పాడుతున్నాయి.

అప్పుడు వినబడింది. ఈసారి ప్లాట్‌ఫారం వైపు నుంచి. అతని గొంతే, మెల్లగా.

"ఎవరితోనండీ మాట్లాడుతోంది?" అని గొణిగింది పెద్దింటమ్మ. "ఏం భాష అది?"

అక్కడ ఆ మాటలు తెలిసినవాడు హిదాయతుల్లా ఒక్కడే. అవి ఇంట్లో మాటలు. తలుపు వేసుకున్నాక కమరున్నీసాతో తప్ప ఎవరితోనూ ఆడని మాటలు.

"కమర్... పట్టాల మీద పడ్డాను. కాలు విరిగింది. దీపం తీసుకుని రా. తొందరగా... కమర్..."

తలుపు తెరుచుకున్న చప్పుడు. ఒక చిన్న వెలుగు మంచులో ఊగుతూ వస్తోంది. పరుగెత్తుతూ వస్తోంది.

"కమర్! ఆగు! నేనిక్కడ..."

ఇంజను కూత అతని కేకని మింగేసింది. నల్లటి గోడ లాంటిది వాళ్ళ ముందునించి దొర్లుతూ పోయింది. పెట్టె వెనక పెట్టె... నిద్రపోతున్న కిటికీలు... చివర గార్డు పెట్టె ఎర్రదీపం. ఆ తర్వాత అవతల వెలుగు లేదు.

మెయిలు ఆగలేదు. మంచులో డ్రైవరుకి ఏమీ తెలియలేదు.

కొండయ్య దగ్గుతూ పరుగెత్తుకొచ్చేసరికి హిదాయతుల్లా పట్టాల పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. బురఖా తొలగించి మొహం చూశాడు. మొహానికి ఏమీ కాలేదు. కమరున్నీసాయే. అనుమానానికి చోటు లేదు. ఆమె చెయ్యి తన చేతుల్లో ఉండగానే చల్లబడుతుంటే, వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు లైను దాటి వచ్చి చుట్టూ నిలబడ్డారు. పెద్దింటమ్మ నేల మీద కూలబడి తల బాదుకుంది. "మమ్మల్ని కాపాడబోయి అమ్మగారిని పోగొట్టుకున్నారు కదండీ..."

కొంతసేపటికి ఆమె తన చెంగు తీసి కప్పబోయింది. అది చేపల నీళ్ళతో తడిసి ఉంది.

"వద్దమ్మా," అన్నాడు హిదాయతుల్లా. అప్పటికి అతనికి కన్నీళ్ళు కూడా లేవు. "ఇంట్లోంచి మంచి దుప్పటి తెస్తాను."

కొండయ్య లాంతరు పట్టుకుని వెంట వచ్చాడు. ప్లాట్‌ఫారం దాటి, ఇంటి మెట్లెక్కి, హిదాయతుల్లా తలుపు తోశాడు. రాలేదు. మళ్ళీ తోశాడు. ఆమె తెరుచుకుని వచ్చిన తలుపుకి లోపల గడియ వేసి ఉంది.

పెరటి తలుపు కూడా అంతే అని కొండయ్య చుట్టూ తిరిగొచ్చి చెప్పాడు. కిటికీ వైపు వేలు చూపించాడు. "లోపల దీపం వెలుగుతోందండీ."

హిదాయతుల్లా తలుపు మీద చెయ్యి వేసి, ఈసారి తట్టాడు.

లోపల మంచం కిర్రుమంది. గాజులు కదిలాయి. తర్వాత నిద్రమత్తుతో కమరున్నీసా గొంతు.

"ఎవరో తలుపు కొడుతున్నారు. వినబడిందా?"

 అప్పుడు లోపలి నుంచి హిదాయతుల్లా గొంతు, నెమ్మదిగా, ఎంతో ప్రేమగా అంది.

"నువ్వు లేవకు. నేను చూస్తాను."

అడుగులు తలుపు దగ్గరికి వచ్చి ఆగాయి. గడియ కదిలింది.