లేయిదా హోటల్లో వానకోయిల

టాలిన్ రేవు పక్కన పదిహేను అంతస్తుల హోటల్లో, మంగళవారం ఉదయం, ఒక మనిషి కాఫీ తాగుతూ తాగుతూ బల్ల మీదికి వాలిపోయాడు. తూర్పు దేశపు గూఢచారి ముఠా నుంచి తప్పించుకొచ్చి, దాని గుట్టు విప్పడానికి ఒప్పుకున్న ఇద్దరు సాక్షుల్లో అతను మొదటివాడు. కప్పు లోపల విషం పూసి ఆరబెట్టారని గంటలో తేలింది.

రెండోవాడు వదిమ్, వైర్‌లెస్ ఇంజనీరు. రహస్య నామం 'వానకోయిల'. శుక్రవారం మధ్యాహ్నం కోర్టులో నోరు విప్పాలి.

"సైనిక శిబిరంలో పెట్టు," అన్నాడు భద్రతా విభాగం చీఫ్ ఉర్మాస్. "నేలమాళిగ. ఇనుప తలుపు."

"పెట్టను," అంది సాక్షుల రక్షణ చూసే అధికారిణి హెల్వి. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.

"ఏమన్నావ్?"

"ఆరేళ్ళుగా నేలమాళిగల్లోనే బతికాడు చీఫ్ ఆయన. మన ఊళ్ళో, మన అతిథి, వాళ్ళకి జడిసి ఎలకలా దాక్కుంటే ఇంక వాళ్ళు గెలిచినట్టేగా? కిటికీ ఉన్న గది ఇస్తాను. పూచీ నాది."

ఉర్మాస్ చివరికి తలూపాడు. "మార్లీస్‌ని వెంట తీసుకెళ్ళు."

మార్లీస్ విదేశీ విభాగం అధికారిణి. ఐదు భాషలు, తెల్లటి ఉన్ని కోటు, ఎంతటి మగాడినైనా మాట మరిచిపోయేలా చేసే నవ్వు.

ఇద్దరూ పాతపట్నంలో హోటళ్ళు చూశారు. మొదటిదానికి నాలుగు తలుపులు, రోజుకో కొత్త వంటవాడు. రెండోది అందంగానే ఉంది. బాల్కనీ మాత్రం ఎదురింటి పైకప్పుకి మరీ దగ్గర. మూడోది కోటగోడని ఆనుకున్న పాత వర్తకుడి ఇల్లు. తొమ్మిది గదులు, ఒకే తలుపు, మెట్టుమెట్టుకీ కిర్రుమనే చెక్కమెట్లు. కిటికీలోంచి చర్చి శిఖరం కనిపిస్తోంది.

"ఇదా! లిఫ్టు కూడా లేదు," అంది మార్లీస్.

"కాళ్ళున్నాయిగా నీకు?" అంది యజమానురాలు లేయిదా. ఆమెకి డెబ్భై దాటాయి. "మీ చుట్టం పొద్దున్నే ఏం తాగుతాడమ్మాయ్?"

"కాఫీ. పెద్ద కప్పు నిండా," అంది హెల్వి.

"పెద్దది ఒక్కటే ఉంది. నీలిపూలది." అల్మారాలో ఉన్న కప్పుని గడ్డంతో చూపించింది. ఏ రెండు కప్పులూ ఒక్కలా లేవక్కడ.

గురువారం సాయంత్రం వదిమ్ గదిలోకి రాగానే కిటికీ తెరిచాడు. చల్లగాలి మొహానికి కొడుతుంటే అలాగే నిలబడిపోయాడు. "మూసెయ్యమంటారా?" అనడిగాడు, అలవాటైన భయంతో.

"వద్దు. తెరిచే ఉంచండి," అంది హెల్వి.

శుక్రవారం ఎనిమిదిన్నరకి అతను ఫలహారానికి దిగాడు. నల్లరొట్టె, ఉప్పుచేప, ఉడికిన గుడ్డు. హెల్వి తలుపు దగ్గర నిలబడింది. ఎప్పుడూ ఉదయం ఏమీ ముట్టని మార్లీస్ ఆ రోజు అతని ఎదురుగా కూర్చుని రొట్టెకి వెన్న రాస్తోంది. అది హెల్వికి నచ్చలేదు. లేయిదా నీలిపూల కప్పులో కాఫీ పోసి వంటగదిలోకి వెళ్ళబోతూ ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

"ఆ కప్పు నాది కాదు."

వదిమ్ పెదవుల దాకా వెళ్ళింది కప్పు.

"మా ఆయన పిడి విరగ్గొట్టి, తనే జిగురుతో అతికించాడు. దీనికి అతుకేదీ?"

హెల్వి రెండంగల్లో వచ్చి చేత్తో కొట్టింది. కప్పు గోడకి తగిలి పగిలింది. మార్లీస్ చేతిసంచిలోంచి లిప్‌స్టిక్ తీసి వదిమ్ గుండెకి గురిపెట్టింది. అది ఒకే ఒక్క గుండు పేలే లిప్‌స్టిక్. హెల్వి చేతికందిన కాఫీ కూజాని ఆ మణికట్టు మీద కుమ్మరించింది. గుండు పైకప్పు దూలంలో దిగబడింది.

"ఇంత చిన్న దేశం," అంది మార్లీస్ బేడీలు పడ్డాక, పళ్ళు కొరుకుతూ. "ఎన్నాళ్ళు నిలబడతారే మీరు?"

"ఇవాళ్టికి నిలబడ్డాం. రేపు కూడా రా, చూద్దువుగాని," అంది హెల్వి.

మధ్యాహ్నం వదిమ్ బోనెక్కి ముఠాలోని పదిహేడు మంది పేర్లు చదివాడు. గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.

సాయంత్రం ఉర్మాస్ నివేదిక చదివి గొణిగాడు. "శిబిరంలో పెట్టుంటే ఈ గొడవ ఉండేది కాదుగా?"

"శిబిరంలో కప్పులన్నీ ఒకేలా ఉంటాయి చీఫ్."

ఉర్మాస్ ఫైలు మూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ హోటల్లో... ఆదివారం గది దొరుకుతుందంటావా? మా ఆవిడ పుట్టినరోజు."