నల్ల ఉన్నితాడు

"కాంట్రాక్టు మీకే వచ్చిందమ్మా. రేపు పదింటికి జమ్మలమడుగు ప్లాంటుకు బండి తెచ్చి చూపించండి."

ఫోన్ పెట్టేసి మల్లిక బండి సీట్లోనే ఎగిరి గంతేసినంత పని చేస్తుంది.

పెళ్లయి పదహారు రోజులు. అరచేతుల్లో గోరింటాకు ఇంకా పోలేదు. అప్పుడే ఇంత మంచి కబురు...

"బావా, కాంట్రాక్టు మనదే! రేపు పదింటికి బండి చూపించల్లంట!"

శివప్రసాద్ నవ్వడు.

అతని కాలు బ్రేకు మీద ఉంది. ఆ బ్రేకు నేలకు అంటుకుపోయి ఉంది.

"మల్లికా... బ్రేకు పట్టల్యా."

ముద్దనూరు దాటాక ఘాట్. నిట్టనిలువు దిగుడు. డీజిల్ పికప్, వెనక ట్రైలర్. ట్రైలర్ మీద పులివెందులలో ఎక్కించిన పాడైన ట్రాక్టర్. ఎడమపక్క లోయ. కొండ వెనక్కి జారుతున్న పొద్దు.

మళ్లీ తొక్కుతాడు.

మళ్లీ...

ఏమీ లేదు.

హ్యాండ్ బ్రేకు లాగుతాడు. బండి ఒక్క కుదుపు కుదిపి, లెక్కచేయకుండా ముందుకే ఉరుకుతుంది. మూడో గేరు. రెండో గేరు. ఇంజన్ గోల పెడుతుంది. వెనకున్న బరువు తోస్తూనే ఉంది.

మల్లిక చెయ్యి డాష్‌బోర్డు మీది కొత్త స్విచ్చి దగ్గరకు పోతుంది.

ఆ స్విచ్చి ఆమెది.

నాలుగు రోజుల కిందట ప్రొద్దుటూరులో మెకానిక్ కమాల్ బాషా రెండు ఎగ్జాస్ట్ బ్రేకులు బల్ల మీద పెట్టాడు. పొగ గొట్టాన్ని లోపల రేకుతో మూసి, ఇంజన్ చేతనే బండిని నిలువరించే సామాను. ఒకటి ఇంజన్ జోరుగా తిరిగేటప్పుడే పట్టేది. రెండోది స్ప్రింగుది, ఇంజన్ నెమ్మదించినా పట్టు వదలదు. వెంట వచ్చిన శివప్రసాద్ మేనమామ రంగన్న మొదటిది చాలన్నాడు. అసలు గేర్లుండగా ఇదెందుకన్నాడు. ఐదేళ్లుగా జమ్మలమడుగు ప్లాంటుకు పాడైన బండ్లు లాగే కాంట్రాక్టు రంగన్నదే. ఈసారి మేనల్లుడు పోటీకి దిగినా ఆయన పల్లెత్తు మాట అనలేదు.

"బరువు లాగే బండికి స్ప్రింగుదే కావల్లమ్మా" అన్నాడు బాషా. "ఘాట్లో ఇంజన్ గొంతు పట్టుకుంటే వదలకూడదు."

మల్లిక స్ప్రింగుదే ఎంచుకుంది. దాని అట్టపెట్టెకు కూడా పసుపు బొట్టు పెట్టింది. స్విచ్చి వేయగానే వెలిగే ఆకుపచ్చ లైటును చూసి చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు ఆ స్విచ్చి వేస్తుంది.

లైటు వెలుగుతుంది.

బండి తగ్గదు!

ఆపి, మళ్లీ వేస్తుంది. లైటు ముద్దుగా వెలుగుతూనే ఉంది. పట్టు మాత్రం లేదు.

తను ఎంచుకున్న బ్రేకు. తన చేతులతో బొట్టు పెట్టిన బ్రేకు...

మలుపు. ట్రైలర్ తోక లోయవైపు ఊగుతుంది. రాళ్లు లేచి కిందికి రాలిపోతాయి.

అద్దంలో పసుపు రంగు క్రేన్. రంగన్నది.

ఈ మధ్యాహ్నం పులివెందులలో కొత్త జంటకు వేటమాంసంతో విందు పెట్టింది ఆయనే. వాళ్లు తింటూ ఉండగా, దిష్టి తగలకూడదంటూ ఇంట్లో పేనిన నల్లగొర్రె ఉన్నితాడు తీసుకుని బండి కిందికి దూరాడు. అంత పెద్దాయన మట్టిలో పడుకుని తాడు కడుతుంటే మల్లికకు కళ్లు చెమర్చాయి.

"మామ మన వెనకే వస్తాండాడు" అంటాడు శివప్రసాద్.

వచ్చి ఏం చేస్తాడు? ఎవరైనా ఏం చేస్తారు?

ఎదురుగా బస్సు. పక్కన లోయ. మల్లికకు పట్టుకోవడానికి భర్త మోచెయ్యి తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు వస్తుంది ఆ వాసన.

వెంట్రుకలు మాడిన వాసన.

బండి కింద ఏదో ఫట్‌మని తెగుతుంది.

బుస్సుమంటుంది ఇంజన్! ఎవరో వెనకనుంచి జుట్టు పట్టి గుంజినట్టు బండి తగ్గుతుంది. నలభై... ఇరవై... పది. ఇంజన్ నెమ్మదించినా పట్టు వదలదు. బస్సు పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోతుంది. హ్యాండ్ బ్రేకు లాగితే ఈసారి బండి నిలబడుతుంది.

ముందు చక్రానికీ లోయ అంచుకీ మధ్య జానెడు.

మల్లికకు నవ్వు, ఏడుపు కలిసే వస్తాయి.

శివప్రసాద్ ఫోన్ లైటుతో బండి కిందికి దూరుతాడు. బ్రేకు గొట్టం ఒకచోట తెగి ఆయిలంతా కారిపోయిందట. రాయి తగిలి ఉంటుందంటాడు. బయటికి వచ్చేటప్పటికి అతని వేళ్ల మధ్య కాలిన తాడు ముక్క ఉంది. పొగ గొట్టం మూసే మీటకు కట్టి ఉందట. మీట కదలకుండా పట్టేసి, వేడి గొట్టానికి ఆనుకుని మాడి తెగిపోయిందట.

దాన్ని కళ్లకద్దుకుంటాడు.

"చూసినావా, మామ కట్టిన తాడే మన దిష్టి మోసింది."

అతని వేళ్లలోనే అది బూడిదై గాలికి పోతుంది.

ఇంత పెద్ద బండిలో తాడు కట్టడానికి ఆ మీటే దొరికిందా... మల్లిక నోరు తెరవబోతుంది.

క్రేన్ వచ్చి ఆగుతుంది.

రంగన్న దిగుతాడు. ముందు లోయలోకి చూస్తాడు. తర్వాత వాళ్లను చూస్తాడు.

శివప్రసాద్ ఆయన కాళ్లకు మొక్కుతాడు. బ్రేకు పోయిందని చెబుతాడు. కాంట్రాక్టు వచ్చిందనీ, రేపు పదింటికి బండి చూపించాలనీ చెబుతాడు. తాడు సంగతి ఇంకా చెప్పనే లేదు. రంగన్న బండి కిందికి వంగి చూడనూ లేదు.

"ఏం కాదులే అల్లుడా" అని ఆయన భుజం తడతాడు. "బండిని నేను లాక్కుపోయి గొట్టం ఏయిస్తా. రేపు పదింటికి గదా చూపించేది? పొద్దున ఆరుకే వచ్చి మళ్లా దిష్టి కడతా."

"సరే మామా."

రంగన్న మల్లిక వైపు తిరిగి చల్లగా నవ్వుతాడు.

"ఈసారి ఇనప తీగతో కడతాలే మల్లికమ్మా. అది కాలదు."