ఆయన తీసిన పిట్టలు

“నా కళ్ళకేం రోగం రా! ఆ గోడే రోడ్డు మీదికి వచ్చింది!”

మామూలు రోజైతే తాతయ్య అన్న ఆ మాటకి ఇల్లంతా గొల్లున నవ్వేది. ఇవాళ ఎవరి పెదవీ కదల్లేదు. సోఫా మీద కోడలు తన ఏడేళ్ళ కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చిట్లిన పెదవికి తడిగుడ్డ అద్దుతోంది. ఆ పిల్లకి పెట్టిన పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా వినబడదు, ఇంటిల్లిపాదికీ అది గడుగ్గాయి. ఆ గడుగ్గాయి ఇప్పుడు కిక్కురుమనకుండా కూర్చుంది! పొద్దున బడిలో దింపుతానని తాతయ్యే కార్లో తీసుకెళ్ళాడు. మలుపులో తోపుడు బండి అడ్డొచ్చిందట... ఆఖరి క్షణంలో చూసి పక్కకి తిప్పాడట... కారు వెళ్ళి గోడకి గుద్దుకుంది. బండివాడు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. తలుచుకుంటేనే నానమ్మకి ఒళ్ళు జలదరించింది.

“తాళాలు ఇలా ఇచ్చెయ్ నాన్నా. ఇక నువ్వు కారు ముట్టుకోవద్దు,” అన్నాడు కొడుకు చెయ్యి చాపి.

ఇస్తాడా! నలభై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపిన మనిషి, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. విసురుగా వెళ్ళి టీవీ పెట్టాడు. తెర నిండా పెరట్లోని గింజల గిన్నె, దాని అంచున తల వంచిన పసుపు రొమ్ము పిట్ట.

“పోయిన సోమవారం తీశాను. రెక్క మీద ఈకలు లెక్కపెట్టుకోవచ్చని అన్నదెవరు? నువ్వే కదరా! బొటనవేలంత పిట్టని అంత దూరం నుంచి పట్టినవాడికి, ఏనుగంత గోడ కనబడదా?”

కొడుకు టీవీ వంక చూశాడు. నిజమే మరి! చూపు లేనివాడు ఇలాంటి ఫొటో ఎలా తీస్తాడు? “అయితే బ్రేకులదే తప్పేమో... మెకానిక్కుకి చూపిస్తాలే,” అని గొణిగాడు.

“చూపించు! సాయంత్రానికల్లా బాగుచేయించు. రేపు నా మనవరాలిని నేనే దింపుతాను,” అన్నాడాయన విజయగర్వంతో.

తలుపు దగ్గర నిలబడ్డ నానమ్మ గుండె గుభేలుమంది. ఎందుకంటే... ఆ పిట్టని తీసింది ఆయన కాదు!

ఇదెక్కడి విడ్డూరమని అనుకోకండి. స్టూడియో మూసేశాక ఆయనకి మిగిలింది ఆ పెరడు ఒక్కటే. వెనక వరండాలో స్టాండు, దాని మీద మూరెడు లెన్సు, ఎదురుగా కొమ్మకి వేలాడే గింజల గిన్నె. పొద్దున్నే లేచి ఫొటోలు తీయడం, తర్వాత పిల్లని బడికి దింపడం, ఇదీ ఆయన దినచర్య. ఫోకస్ కూడా చేత్తో తిప్పాల్సిందే. ‘మెషిను చూసి పెట్టే ఫోకస్ నాకెందుకు, నాకు కళ్ళు లేవా?’ అనేవాడు! కార్డులోని ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించడం, స్టూడియో రోజుల్లోలాగే, ఆవిడ పని. ఆరు నెలల కిందట ఒకరోజు ఎక్కించి చూస్తే అరవై ఫొటోల్లో ఒక్క పిట్టా తేటగా లేదు. మర్నాడూ అంతే. సాయంత్రం అందరూ టీవీ ముందు చేరాక ఈ మసకలు చూసి ఆయన మొహం ఎలా వాడిపోతుందో ఊహించుకుని ఆవిడ తట్టుకోలేకపోయింది. ఆయన బడికి వెళ్ళిన అరగంటలో అదే కుర్చీలో కూర్చుని, అదే లెన్సుతో, అవే పిట్టల్ని తనే తీసింది. ఒక్కరోజుకే అనుకుంది... ఆరు నెలలు గడిచాయి! చెయ్యి వణుకుతోంది కాబోలు, వయసు కదా అని తనకి తాను సర్దిచెప్పుకుంది. కళ్ళేమోనన్న అనుమానం రాలేదా అంటే, వచ్చింది. దాన్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు, అంతే!

ఇప్పుడు చెబితే ఆయన గుండె పగులుతుంది. చెప్పకపోతే రేపు ఆ కారు...

పిల్ల వచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. “నానమ్మా, తాతయ్య ఆట మానేస్తాడా?”

“ఏం ఆటమ్మా?”

“దీపాల ఆట. రోడ్డు మీద సిగ్నల్ దీపం వస్తే తాతయ్య ‘ఇప్పుడు ఏ రంగు?’ అంటాడు. నేను ఎరుపంటే ఆపుతాడు, పచ్చంటే పోనిస్తాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు తెలుసా నేను! అమ్మకి చెప్పొద్దు, మా ఇద్దరి రహస్యం.”

ఏడేళ్ళ పసిదాని కళ్ళతో కారు నడుస్తోందా ఇన్నాళ్ళూ! ఆవిడ గబగబా హాల్లోకి నడిచింది.

“ఏమండీ... ఆ ఫొటో మీరు తీసింది కాదు.”

“ఏంటే, మతి పోయిందా?”

“నేను తీశాను. ఆరు నెలలుగా అన్నీ నేనే తీస్తున్నాను. మీరు తీసినవి... ఏవీ రాలేదండీ. నన్ను తిట్టండి, కొట్టండి, కానీ పిల్లని మాత్రం కారెక్కించకండి! మీకు దీపం రంగు కూడా తెలియడం లేదటగా!” అని భోరుమంది.

కోడలి చేతిలోని గుడ్డ జారిపోయింది. కొడుకు తండ్రి వంక చూడలేక కిటికీ వైపు తిరిగాడు. ఆయన మాత్రం అరవలేదు. అరిచినా బాగుండేది!

“మరి నావేవి?” అన్నాడు.

“చెరిపేశాను.”

“అన్నీనా?”

ఆవిడ తలూపింది. తర్వాత, తలూపితే ఆయనకి కనబడదేమోనని “అన్నీ...” అంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “ఊరందరి మొహాలూ తీశాను నేను. నీ మొహం చూసి ఎనిమిది నెలలైందే! సూటిగా చూస్తే జుట్టు కనిపిస్తుంది, చెవులు కనిపిస్తాయి... మధ్యలో ఎవరో తడిచేత్తో తుడిచేసినట్టుంటుంది. కాస్త పక్కకి చూస్తేనే నువ్వు కనబడతావు. ఈ వయసులో ఆ ఓరచూపులేంటని నువ్వు కసిరేదానివి... ఏం చెప్పను! రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్న ప్రతిసారీ సాయంత్రం నువ్వు ఆ ఫొటోలు వేసేదానివి. అందరూ ఆహా అనేవాళ్ళు. కన్ను మసకబారినా చెయ్యి మరిచిపోలేదనుకున్నాను. ఇంకా టైముందిలే అనుకున్నాను!”

ప్రేమతో చేసిన పని ఆయన కళ్ళనే తినేసిందా! ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన జేబులోంచి తాళాలు తీసి చాపాడు. కొడుకు నిలబడింది ఇటైతే చెయ్యి అటు వెళ్ళింది. కోడలే ముందుకొచ్చి, “నాకివ్వండి మావయ్యగారూ,” అని మెల్లగా అందుకుంది.

కంటి డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఎడమ కంట్లో పోయిన చూపు ఇక రాదు. కుడికన్నులో మిగిలింది సూదిమందుతో నిలబెట్టుకోవచ్చు. “ఆరు నెలల ముందు వచ్చి ఉంటే...” అంటూ ఆగింది. నానమ్మ తల వంచుకుంది. ఆయన పక్క కుర్చీలోంచి, “ముందు దాచింది నేనమ్మా. అది నన్ను చూసే నేర్చుకుంది,” అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన తన తప్పు పదిమందిలో ఒప్పుకోవడం ఆవిడ అప్పుడే విన్నది!

అంత మాట అన్నాడు గానీ, ఇంటికొచ్చాక రెండు రోజులు ఆవిడతో పలకలేదు. కోపమో, సిగ్గో! కంచం పెడితే తిన్నాడు, నీళ్ళిస్తే తాగాడు. పొద్దున కోడలు పిల్లని నడిపించుకు వెళుతుంటే గుమ్మంలో నిలబడి అడుగుల చప్పుడు ఆగేదాకా విన్నాడు. వరండా వైపు మాత్రం పోలేదు. గిన్నెలో గింజలు పోయడం ఆవిడే చేసింది. కెమెరాకి కప్పిన గుడ్డ తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

మూడో రోజు పొద్దున ఆవిడ వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే వరండాలోంచి టక్కుమని కెమెరా చప్పుడు! ఉరుకులు పరుగుల మీద వెళ్ళింది. ఆయన తల పక్కకి వాల్చి, చెవులు రిక్కించి, లెన్సు మీద చెయ్యేసి కూర్చున్నాడు.

“రెక్కల చప్పుడు విని నొక్కాను. చూడు, ఎలా వచ్చింది?”

ఆవిడ వంగి కెమెరా వెనక తెరలోకి చూసింది. ‘అద్భుతంగా వచ్చిందండీ’ అన్న మాట ఆరు నెలల అలవాటున నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

“పిట్ట లేదండీ. ఉత్త గిన్నె వచ్చింది.”

ఆయన లెన్సు అంచు మీద వేలు ఆడించాడు. తర్వాత, “గిన్నె అయినా బాగా వచ్చిందా?” అన్నాడు.

“లేదండీ. అదీ మసకే.”

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆవిడ హడలిపోయింది. ఏడుపు కాదు... నవ్వు! ఆ నవ్వు చూసి ఆవిడకి దుఃఖం కట్టలు తెంచుకుంది, నవ్వూ ఆగలేదు. ఆయన తల కాస్త పక్కకి తిప్పి, ఓరగా, తనివితీరా ఆవిడ మొహం చూశాడు.

“కళ్ళు తుడుచుకుని ఇలా వచ్చి కూర్చోవే. ఇంకొకటి తీస్తాను.”